ఏ బీరువాలోనూ చేరని ఆట యంత్రం

ఉద్యోగ జ్ఞాపకాలు రాసే అర్హత ముప్పై ఏళ్ల కొలువు తరువాత వస్తుందంటారు. నా కొలువు పద్నాలుగు నెలలు. అయినా కళాశాల వాద జట్టులో, అదే డిబేట్ టీములో, నా తరువాత చేరిన మీరు ‘నిర్వచనం ఎలా రాయాలో నేర్పండక్కా’ అని అడిగినప్పుడు, నేర్పడానికి నా దగ్గర ఉన్నవి ఆ పద్నాలుగు నెలలే అని తోచింది. ముందే చెబుతున్నాను: ఇది నేను గెలిచిన వాదన గురించి కాదు. ఓడినదాని గురించి కూడా కాదేమో. ఏది జరిగిందో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. తెలిసినంతవరకు వరుసగా చెబుతాను.

కౌలాలంపూర్‌కు దక్షిణంగా ఉన్న మా బంటింగ్‌లో బస్సులు ఆగే చోటికి రెండు వీధుల అవతల రేకుల కప్పు ఉన్న ఒక పాత గోదాము ఉంది. దాని యజమాని నలభై ఏళ్లు టీవీలు, రేడియోలు అమ్మిన చైనా పెద్దాయన. దుకాణం యజమానిని ఇక్కడ తౌకే అంటారు కనుక అందరికీ ఆయన తౌకేయే. దుకాణం మూసేశాక ఆయన దగ్గర మిగిలింది వీడియో గేమ్ కన్సోళ్ల గుట్ట. అమ్ముడుపోనివి, మరమ్మతుకు ఇచ్చి ఎవరూ తీసుకుపోనివి, తరువాత మోజు పుట్టి వెతికి కొన్నవి. వాటితో బడిపిల్లలు వచ్చి చూసే ప్రదర్శనశాల పెట్టాలని ఆయన కోరిక. అందుకోసం తొమ్మిది అద్దాల బీరువాలు చేయించారు. తొమ్మిదే ఎందుకంటే, కన్సోళ్లను తొమ్మిది తరాలుగా లెక్కిస్తారని ఎక్కడో చదివారట. ఏ యంత్రం ఏ తరానిదో తేల్చి, ఏ బీరువాలో ఉండాలో చెప్పి, ఎందుకు అక్కడ ఉందో బోర్డు రాయడం నా ఉద్యోగం.

ఇంటర్వ్యూలో ఆయన మలయ్‌లో అడిగింది ఒకే ప్రశ్న. ‘తరం అంటే ఏమిటి?’

నేను పదిహేను నిమిషాలు మాట్లాడాను. ఆయన కళ్లు మూసుకుని విన్నారు.

‘నాకేమీ అర్థం కాలేదు. రేపటి నుంచి రా,’ అన్నారు.

ఆ గోదాములో నాకు ముందే ఒక ఉద్యోగి ఉన్నారు. యంత్రాలు బాగుచేసే మెకానిక్. యాభై ఏడేళ్ల మనిషి, చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిల్ ముక్క. అది రాసుకోవడానికేమో అనుకున్నాను. కాదు. కంట్రోలర్ బొత్తాల కింద రబ్బరు అరిగిపోతే దాని మీద పెన్సిల్ రుద్దుతారు; ఆ నల్లటి పొడి వల్ల బొత్తాం మళ్లీ పలుకుతుంది. మొదటి రోజు ఆయన ఆ పనిలో ఉండి, తలెత్తకుండానే తెలుగులో అడిగారు.

‘మీది ఏ ఎస్టేటమ్మా?’

‘మేము బంటింగ్‌లోనే ఉంటామండి. మా తాతగారు సుంగై సుమున్ వైపు కొబ్బరి తోటలో పనిచేశారు.’

‘తాతగారా! పుస్తకంలాగ మాటాడతన్నావేటి? ఎక్కడ నేర్సినావు?’

‘ఆదివారం తరగతుల్లో. ఇంట్లో మేము ఎక్కువగా తమిళమే మాట్లాడతాం.’

‘బావుంది లా,’ అన్నారు, ఇక్కడ అందరూ మాట చివర తగిలించే ‘లా’తో. ‘ ఇంట్లో తమిళం, పనికాడ పుస్తకం. మీ తాత పేరేటి?’

చెప్పాను. ఆయన స్క్రూడ్రైవర్ కింద పెట్టి, వేళ్ల మీద ఏదో లెక్క వేశారు. మన పెద్దవాళ్లు ఇద్దరు కలిస్తే చేసే మొదటి పని అదే. వరస తేలేదాకా కాఫీ కూడా తాగరు.

‘మా అమ్మ తాతా, మీ తాతా సొంత అన్నదమ్ములు. ఆయన పెద్దోడు, మీ తాత ఆకరోడు. ఒకే ఓడ దిగినారు. అంటే మా అమ్మకి నువ్వు సెల్లివి. మరి నాకేటవుతావు?’

‘ఏమవుతాను?’

‘పిన్నివి!’ అని ఆయన గోదాము అదిరేలా నవ్వారు. ‘నా కూతురికంటే సిన్నదానివి, నాకు పిన్నివి. నువ్వు నన్ను పేరెట్టి పిలు, పరవానేదు. నాను నిన్ను పేరెట్టి పిలిస్తే మా అమ్మ సంపేత్తాది.’

నేను ఆయనను పేరు పెట్టి పిలవలేకపోయాను, ఇంకేమీ పిలవలేకపోయాను. ‘మీరు’ అని సర్దుకున్నాను. ఆయన మాత్రం ప్రదర్శనశాల తెరిచిన రోజు దాకా రోజూ పిన్నీ అనే పిలిచారు. నేను రోజూ పలికాను. తరం అంటే ఏమిటని బోర్డులు రాస్తున్న మనిషికి ఆ పిలుపులో ఏదో ఉందని ఒక్కసారైనా తట్టాలి కదా. తట్టలేదు.

వాద పోటీల్లో మనకు మొదట నేర్పేది మీకూ తెలుసు: నిర్వచనం ఎవరిదైతే వాదన వారిది. నేను మొదట యంత్రం లోపలి మెదడు శక్తిని బట్టి నిర్వచనం రాశాను. ఎనిమిది బిట్లవి మూడో బీరువాలో, పదహారు బిట్లవి నాలుగో బీరువాలో, ఆపైవి ఐదో బీరువాలో. ఎంత చక్కగా ఉందో! తౌకేకు వివరించాను, ఆయన ఒప్పుకున్నారు, మెకానిక్ యంత్రాలన్నీ సర్దారు. సర్దుతూ సర్దుతూ ఒకదాన్ని విప్పి నాకు చూపించారు.

‘ఇదేటి పిన్నీ? దీన్ని పదహారు అని అమ్మినారు. బొమ్మలు గీసే చిప్పు పదహారే. మెదడేమో ఎనిమిది. తల మూడో బీరువాలో ఎట్టి, కాళ్లు నాలుగో దాంట్లో ఎట్టాలా?’

ఆ తరువాత వచ్చిన యంత్రాల సంగతి చూస్తే, కంపెనీలు బిట్ల మాట ఎత్తడమే మానేశాయి. నా నిర్వచనం ఐదో బీరువా దాటలేకపోయింది. కనుక రెండో నిర్వచనం రాశాను: విడుదలైన సంవత్సరం. తౌకే మళ్లీ ఒప్పుకున్నారు, మెకానిక్ మళ్లీ సర్దారు. అయితే ఏ దేశంలో విడుదలైన సంవత్సరం? జపాన్‌లో ఒక ఏడు, అమెరికాలో రెండేళ్ల తరువాత, మన దగ్గర ఇంకెప్పుడో, కొన్నిసార్లు అసలు దుకాణానికే రాకుండా ఎవరి పెట్టెలోనో. ఒక యంత్రం ఓడ దిగిన తేదీయే దాని పుట్టుకా? ఈ ప్రశ్న అడిగినప్పుడు మెకానిక్ నవ్వారు.

‘నా ఐసీ కార్డులో పుట్టినరోజు సూడు పిన్నీ. జనవరి ఒకటి. మా ఎస్టేట్ లైన్ ఇళ్లలో సగం మందిమి జనవరి ఒకటే. ఎస్టేట్ గుమస్తా రాయడానికి అదే సులువు. మేమందరం కవలలమా?’

మూడో నిర్వచనం పోటీని బట్టి: ఒకే కాలంలో ఒకే కొనుగోలుదారు కోసం తలపడినవన్నీ ఒక తరం. ఇది నాకు నిజంగా నచ్చింది. శక్తి తక్కువైనా, రంగంలో ఉన్నవాడు రంగంలో ఉన్నట్టే కదా. కానీ చేతిలో పట్టుకుని ఆడుకునేదీ, టీవీకి తగిలించి ఆడేదీ రెండూ తానే అయిన యంత్రం ఒకటి వచ్చింది. అది తన కంపెనీలో పాతదానికి వారసురాలు. బజారులో మాత్రం ముందు ఒక తరంతోనూ, తరువాత ఇంకో తరంతోనూ పోటీపడింది. దాన్ని ఎనిమిదో బీరువాలో పెట్టాలని ఉదయం వాదించాను, తొమ్మిదో బీరువాలో పెట్టాలని మధ్యాహ్నం వాదించాను. రెండుసార్లూ తౌకే తల ఊపారు. మెకానిక్ రెండుసార్లూ దాన్ని మోశారు.

‘లాయరమ్మా,’ అన్నారు మూడోసారి మోయమన్నప్పుడు, పిన్ని అనడం మరచిపోయి కాదు, ఎత్తిపొడవడానికి. ‘నువ్వు మాటాడితే యంత్రాలు నడుస్తన్నాయి. దారి తెలీకుండా నడుస్తన్నాయి గానీ.’

అసలు ఈ తరాల సంఖ్యలు వేసింది ఎవరని వెతికాను. తయారుచేసిన కంపెనీలేవీ వేయలేదు. ఆడినవాళ్లు, పత్రికలవాళ్లు, ఇంటర్నెట్‌లో జాబితాలు రాసినవాళ్లు తరువాత ఎప్పుడో వెనక్కి తిరిగి వేసిన సంఖ్యలవి. ఆ సంగతి తెలిసిన రోజు నేను ఆగిపోవలసింది. ఆగకుండా, ‘అయితే వేసే హక్కు నాకూ ఉంది’ అనుకున్నాను.

ఇక ఆ యంత్రం గురించి చెప్పాలి.

అది మెకానిక్ సొంతం. ప్రదర్శనశాలకు తాత్కాలికంగా ఇచ్చారు. బూడిద రంగు పెట్టె. పగిలిన పై మూతకు బదులు బిస్కెట్ డబ్బా రేకు బిగించి ఉంటుంది. లోపల ప్రసిద్ధమైన ఒక జపాన్ యంత్రానికి నకలు. అలాంటి నకళ్లు ఒకప్పుడు మన సంతల్లో గుట్టలుగా అమ్మారు, మీ నాన్నలను అడగండి. వాటి చిప్ మీద కంపెనీ పేరు ఉండదు, తేదీ ఉండదు. తారు బొట్టు లాంటి నల్లటి ముద్ద ఒకటి ఉంటుంది, అంతే. సముద్రపు ఉప్పుగాలికి చచ్చిపోయిన మూడింటి నుంచి పనికొచ్చే భాగాలు తీసి, సుంగై సుమున్‌లో తాము ఉన్న ఎస్టేట్ లైన్ల పిల్లల కోసం ఆయన ఒకటి చేశారు. శనివారం మధ్యాహ్నాలు ఎస్టేట్ హాల్లో ఒకే టీవీకి దాన్ని తగిలిస్తే, లైన్లన్నీ వచ్చి వంతులవారీగా ఆడేవట. తరువాత ఆ ఎస్టేట్ అమ్ముడైంది, లైన్లు కూల్చేశారు, జనం తలో దిక్కుకూ పోయారు. మిగిలిన ఉమ్మడి వస్తువు ఇదొక్కటే.

దాన్ని నా చేతికి ఇస్తూ ఆయన అడిగింది ఒకటే.

‘ఎక్కడైనా ఎట్టు పిన్నీ. మూడో బీరువాలో ఎట్టు, ఐదోదాంట్లో ఎట్టు, నాకు తెలీదు. వరసలో ఎట్టు. బయట మాత్రం ఎట్టకు. మావోల్లందరికీ సెప్పేసినాను, జపానోడి పక్కన మన పెట్టె కూకుంటాదని.’

‘బయట పెట్టను,’ అన్నాను.

మాట ఇచ్చినట్టు నాకనిపించలేదు. అప్పటికి అమలులో ఉన్న మూడో నిర్వచనం ప్రకారం అది నిజం, అంతే. సంతలో అది సీడీలు వేసే యంత్రాలతో పోటీపడింది కనుక ఐదో బీరువాలో పెట్టాం. తౌకేకు కూడా అభ్యంతరం లేదు. ప్రారంభోత్సవానికి సుంగై సుమున్ నుంచి ఒక బస్సు మాట్లాడుకుని పాత లైన్లవాళ్లందరూ వస్తున్నారని మెకానిక్ రోజుకోసారి గుర్తుచేసేవారు.

ప్రారంభానికి రెండు వారాల ముందు కౌలాలంపూర్ నుంచి కన్సోళ్లు సేకరించే ఒక బృందం ఉత్తరం రాసింది. మొదటి రెండు బీరువాలకు కావలసిన అరుదైన పాత యంత్రాలు వాళ్లే ఇవ్వాలి. ఇస్తామన్నారు, ఒక షరతు మీద: తరాల వర్గీకరణకు ఒక స్పష్టమైన, రాతపూర్వకమైన నియమం ఉండాలి, ఆ వరుసలో నకళ్లు ఉండకూడదు.

తౌకే ఉత్తరాన్ని నా బల్ల మీద పెట్టారు. ‘నీకు మాటలు వచ్చు. ఏం చేస్తావో చెయ్యి,’ అన్నారు.

నాలుగో నిర్వచనం ఒక మధ్యాహ్నంలో రాశాను. అది ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు: ‘ఎవరు చేశారో తెలిసి, ఎప్పుడు ప్రజల ముందుకు వచ్చిందో తెలిసి, తన కాలపు ఇతర యంత్రాలతో పోటీపడినది మాత్రమే ఒక తరానికి చెందుతుంది.’ మలయ్‌లో, ఇంగ్లీషులో ఇంకా బిగువుగా ఉంటుంది. పేరు లేని, తేదీ లేని నల్ల ముద్ద మొదటి రెండు అడుగుల్లోనే జారిపోతుంది. ఆ సంగతి నాకు తెలియక రాశానని చెప్పుకుంటే బాగుండేది. తెలిసే రాశాను. తెలిసినవాళ్ల కోసం నియమంలో సందు వదిలేవాడు వాదకుడు కాడు, దళారి అని మనకు నేర్పారు. ఆ వాక్యాన్ని ఆ మధ్యాహ్నం రెండుసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. న్యాయంగా ఉన్నానన్న తృప్తి కూడా కలిగింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ తృప్తి నా సూత్రానిదో, అందమైన వాక్యం రాసినందుకు కలిగిందో విడదీయలేకపోతున్నాను.

శుక్రవారం మెకానిక్ బస్సు సంగతి చూడడానికి మోటారుసైకిల్ మీద సుంగై సుమున్ వెళ్లారు. బోర్డు అచ్చై వచ్చింది. ఆ పద్నాలుగు నెలల్లో ఒక యంత్రాన్ని నా చేతులతో నేను జరపడం అదొక్కసారే. ఐదో బీరువా తాళం తీసి, రేకు మూత పెట్టెను రెండు చేతులా పట్టుకుని, మరుగుదొడ్డికి వెళ్లే దారిలో, ఆ తొమ్మిదింటి లెక్కలోకి రాని పాత పదో బీరువాలో పెట్టాను. తౌకే అక్కడ విరిగిన కంట్రోలర్లు, వైర్లు పెట్టేవారు. దాని మీద ‘నకళ్లు, ఇతరాలు’ అని చీటీ అంటించాను. దానికి తాళం వేసి, తాళంచెవి నా మెడలో వేసుకున్నాను. మరునాడు మెకానిక్‌కు ఎలా చెప్పాలో వాదన సిద్ధం చేసుకున్నాను: మూడు అంశాలు, ఒక ఉదాహరణ.

శనివారం ఉదయం కౌలాలంపూర్ బృందం ముందు వచ్చింది. ముగ్గురు, వారిలో కళ్లజోడు పెట్టుకున్న ఒకామె బోర్డు ముందు నిలబడి రెండుసార్లు చదివి, ‘ఇది ఎవరు రాశారు?’ అని మలయ్‌లో అడిగింది. తౌకే నన్ను చూపించారు. ‘ఇంత శుభ్రమైన నిర్వచనం నేను చూడలేదు,’ అంది. ఆ మాటకు నేను పొంగిపోయాను.

పది గంటలకు సుంగై సుమున్ బస్సు వచ్చింది. దిగినవాళ్లు నలభై మంది దాకా ఉంటారు. మెకానిక్ వాళ్లమ్మను చేయి పట్టుకుని దింపారు. ఎనభైకి దగ్గరలో ఉన్న మనిషి, కొబ్బరికాయలు ఒలిచిన లావుపాటి వేళ్లు. నన్ను చూసి ఆవిడ అన్న మొదటి మాట:

‘సెల్లీ! నువ్వేనా? ముక్కు మాత్రం మా తాతదే.’

ఆవిడకు నేను చెల్లెల్ని. అది లెక్క ప్రకారం నాకు ముందే తెలుసు. ఆవిడ నోటి నుంచి వినడం వేరు. ‘బాగున్నారా... అక్కా’ అన్నాను, ఆ మాట నోట్లో ఇమడక.

‘మనదేదిరా?’ అని ఆవిడ కొడుకును అడిగారు.

ఆయన నేరుగా ఐదో బీరువా దగ్గరికి తీసుకువెళ్లారు. ఖాళీ చోటు కనిపించింది. ఆరో బీరువా, నాలుగు, మూడు చూశారు. నేను అప్పుడే నోరు తెరవవలసింది. నా మూడు అంశాలు, ఒక ఉదాహరణ గొంతులో ఉన్నాయి. ఆ లోపు బస్సులో వచ్చిన ఒకాయన కాళ్లు కడుక్కోవడానికి దారి వెతుకుతూ అటు వెళ్లి కేకేశారు.

‘ఇదిగో ఇక్కడుంది రా! వైర్ల మద్దెన!’

అందరూ అటు వెళ్లారు. ఎవరో నవ్వారు. ‘జపానోడి పక్కన అన్నావు, కక్కూసు పక్కనేటిరా?’ అని ఇంకెవరో అన్నారు. మెకానిక్ నవ్వలేదు, కోప్పడలేదు. చీటీ చదివారు. తరువాత గోడ మీద పెద్ద బోర్డు చదివారు. మలయ్ ఆయనకు బాగా వచ్చు. చదివి నా వైపు తిరిగారు.

‘పిన్నీ, ఇది మా అమ్మకి తెలుగులో సెప్పు. నువ్వు రాసిందే కదా.’

చెప్పాను. ఆదివారం తరగతుల తెలుగులో, ఒక్కో ముక్కా. ఎవరు చేశారో తెలియాలి. ఎప్పుడు వచ్చిందో తెలియాలి. తన కాలపు ఇతర యంత్రాలతో పోటీపడి ఉండాలి. ఆవిడ చాలా శ్రద్ధగా విన్నారు, డాక్టర్ చెప్పేది విన్నట్టు.

‘ఇంతేనా సెల్లీ?’

‘ఇంతే అక్కా.’

‘మరి సేసినోడు ఈడే కదేటి. ఇక్కడే నిల్సున్నాడు. నీకు తెలీదా?’

వెనక ఎవరో ‘ఆమా ఆమా’ అని తమిళంలో అవునన్నారు.

‘ఎప్పుడొచ్చిందంటావా. కొబ్బరి సెట్లు కొట్టేసి పామాయిలు మొక్కలు నాటినారు సూడు, ఆ ఏడు. మా సిన్నదాని పెల్లి ఆ నెలే. పెల్లికి అద్దెకి తెచ్చిన టీవీకే దీన్ని మొదట తగిలించినాం. కావాలంటే దాని పెల్లి కాగితం సూసుకో.’

‘పోటీ...’ అన్నాను. నేనే అందించాను, ఎందుకో తెలియదు.

‘పోటీయా? గుమస్తా ఇంట్లో సీడీలేసే ఆట ఉండీది. రంగులు బావుండీవంట. మా గుంటలు ఒక్కరు దానికాడికి ఎల్లినారా అడుగు. అందరూ దీనికాడే. గుమస్తా కొడుకు కూడా ఇక్కడికే ఒచ్చీవోడు. నానూ ఆడినాను. ఓడిపోయినాను లే.’

గోదామంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. నా నిర్వచనాన్ని చదవలేని మనిషి దాని మూడు మెట్లూ ఎక్కి పైన కూర్చుంది. ఎవరు, ఎప్పుడు, దేనితో. మూడింటికీ సాక్షి ఉంది. ఆ సాక్షి కొడుకు దాదాపు ఏడాదిగా నా పక్క బల్ల దగ్గరే ఉన్నాడు. నేను ఒక్క ప్రశ్నా అడగలేదు. చిప్ మీద రాసి లేదు కనుక తెలియదని రాసేశాను.

అప్పుడు నేను చేసింది వాదకులు చేసేదే. కౌలాలంపూర్ ఆమె వైపు తిరిగి, నా బోర్డుకు వ్యతిరేకంగా మాట్లాడాను. తయారీదారు అంటే కంపెనీయే కానవసరం లేదని, మూడు చచ్చిన యంత్రాల నుంచి నాలుగోదాన్ని చేసినవాడు తయారీదారేనని, తేదీ కాగితం మీదే కాక మనుషుల జ్ఞాపకంలో కూడా ఉంటుందని అన్నాను. బాగా మాట్లాడాను. బస్సులో వచ్చినవాళ్లు సగం అర్థం కాకపోయినా చప్పట్లు కొట్టారు. అంతలో వాళ్లలో వాళ్లకే తగువు మొదలైంది.

‘మూడోదాంట్లో ఎట్టాల. దాని కన్నతల్లి అక్కడుంది.’

‘కన్నతల్లి ఏటిరా, ఐదోదాంట్లో ఎట్టాల. దాని ఈడువి అయ్యి.’

‘మీ బాబాయి నీకంటే సిన్నోడు కదా, మరాడు నీ ఈడా?’

ఆ చివరి మాటతో నాకు ఏదో వెలుగు కనిపించినట్టయింది, వెంటనే ఆరిపోయింది. యాభై ఏడేళ్ల మనిషికి నేను పిన్నినైతే, తరం కాలాన్ని బట్టి కాదు, ఎవరికి ఎవరు పుట్టారన్నదాన్ని బట్టి. అలాగైతే పెట్టె మూడో బీరువాలోకి. కానీ దాన్ని కన్నది ఒక యంత్రం కాదు, మూడు. చేసినది యంత్రమే కాదు, మనిషి. వరస ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి?

కళ్లజోడు ఆమె మర్యాదగా విని, మర్యాదగానే అడిగింది. ‘బోర్డు మీద మీరు రాసింది సరిగానే ఉంది. ఇప్పుడు చెప్పింది కూడా సరిగానే ఉంది. మీరు ఏది నమ్ముతున్నారు?’

ఇన్నేళ్ల వాద పోటీల్లో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నాణెం ఎగరేసి ఏ పక్షం పడితే ఆ పక్షాన మాట్లాడాం. అందరూ నా వైపు చూస్తున్నారు. తౌకే చూస్తున్నారు, అక్క చూస్తున్నారు. మెకానిక్ చూస్తున్నారు. జవాబు కోసం లోపల వెతికాను. రెండు వైపులా మంచి వాక్యాలు దొరికాయి. ఇంకేమీ దొరకలేదు.

‘నాకు తెలియదు,’ అన్నాను.

మెకానిక్ తన భుజం మీది తుండు తీసి మడత విప్పారు.

‘బోర్డు మీద నువ్వు రాసిన మాట సరే. ఇప్పుడు సెప్పిన మాటా సరే. నాకో మాట సెప్పినావు కదా, బయట ఎట్టనని. దాని గురించి ఎవరూ అడగనేదు.’ గొంతు పెంచలేదు. చేయి చాచారు. ‘మిస్, బీరువా తాళం ఇయ్యండి.’

మెడలోంచి తీసి ఇచ్చాను. ఆయన వైర్లు పక్కకు తోసి, పెట్టెను తుండులో చుట్టి, వాళ్లమ్మ ఒళ్లో పెట్టారు. అందరూ బస్సు ఎక్కారు. వాళ్ల కోసం చేయించిన ‘మీ గోరెంగ్’ అనే వేపుడు నూడుల్స్ మూడు పళ్లాలు అలాగే మిగిలిపోయాయి. తౌకే రిబ్బన్ కత్తిరించారు. ఎవరో ఫోటో తీశారు. అందులో నేను బోర్డు పక్కన నిలబడి ఉన్నాను, ‘శుభ్రమైన’ నిర్వచనం నా తల వెనక.

సోమవారం మెకానిక్ పనికి వచ్చారు. నిజాయితీగా పని చేశారు. నన్ను మిస్ అనలేదు, ఏమీ అనలేదు. ‘ఆ స్క్రూల డబ్బా’ అంటే నేను అందించాలి. వారం తిరిగాక ఆయన సుంగై సుమున్‌లోనే చిన్న మరమ్మతు దుకాణం పెట్టుకుంటానని తౌకేకు చెప్పి వెళ్లిపోయారు. రెండు నెలల తరువాత నేనూ మానేశాను. కారణం అడిగితే తౌకేకు సరిగా చెప్పలేకపోయాను. ఆయన నవ్వి, ‘మొదటిసారి నువ్వు చెప్పింది నాకు అర్థమైంది,’ అన్నారు. నాకు మాత్రం ఇప్పటికీ అర్థం కాలేదు.

మీరు అడిగింది నిర్వచనం గురించి కదా. నాకు ఇప్పుడు తోచేది ఇది: కన్సోళ్ల తరం ఒకటి కాదు, కనీసం మూడు ప్రశ్నలు. లోపల ఏముంది, ఎప్పుడు వచ్చింది, ఎవరి సరసన నిలబడింది. మూడింటికీ ఒకే బీరువా జవాబు కాదు. ఇలా రాసి చదువుకుంటే ఇదీ శుభ్రంగానే ఉంది, అందుకే నాకు దీని మీద నమ్మకం లేదు. ఆ రోజు అడగవలసిన నాలుగో ప్రశ్న ఒకటి ఉంది: ఈ నియమం ఎవరిని బయట పెడుతుంది, వాళ్లతో ముందుగా మాట్లాడామా? కానీ అది నిర్వచనంలో భాగమా, నిర్వచనం రాసేవాళ్ల బాధ్యతా? మీ జట్టు దీన్ని తీర్మానంగా తీసుకుంటే ఏ పక్షంలో కూర్చోవాలో నాకు తెలియదు.

పోయిన నెల రెండు బస్సులు మారి సుంగై సుమున్ వెళ్లాను. క్షమించమని అడగడానికా, ఎందుకు తీసుకెళ్లిపోయారని అడగడానికా అన్నది దారి పొడుగునా తేలలేదు. అక్క గుమ్మంలోనే ‘ఒచ్చినావా సెల్లీ’ అని, ఎక్కడి నుంచి వచ్చానో ఎందుకు వచ్చానో అడగకుండా నా ముందు టీ పెట్టారు. గదిలో టీవీ ముందు ముగ్గురు ఆడపిల్లలు వంతుల కోసం కొట్లాడుకుంటున్నారు. రేకు మూత పెట్టె నేల మీద ఉంది. దానికి అటూ ఇటూ ఏ యంత్రమూ లేదు.

ఆయన మూలన కూర్చుని, ఊడదీసిన కంట్రోలర్ మీద పెన్సిల్ రుద్దుతున్నారు. నన్ను చూశారు. నేను చెప్పదలచుకున్నది మొదలుపెట్టాను. ఆయన విన్నారో లేదో తెలియదు. మధ్యలో కంట్రోలర్ సగం ముక్క నా వైపు చాచారు.

‘ఇది పట్టుకో. కదపకు.’

పిన్నీ అనలేదు. మిస్ అనలేదు. నేను పట్టుకున్నాను. ఆయన రుద్దడం పూర్తయ్యేదాకా కదపలేదు.